వృత్తలేఖిని పాలన

2025 ఫిబ్రవరి రెండో వారంలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు ఊళ్ల కోళ్లకు సోకింది హెచ్‌5ఎన్‌1 బర్డ్ ఫ్లూ వైరసేనని భోపాల్ ప్రయోగశాల తేల్చగానే ప్రభుత్వం తన అమ్ములపొదిలోంచి అసలైన అస్త్రాన్ని బయటికి తీసింది. అది మందు కాదు. టీకా అంతకన్నా కాదు, ఈ రోగానికి మన దేశంలో టీకా వేయరు, చంపడమే విధానం. ఆ అస్త్రం పేరు వృత్తలేఖిని. బడిపిల్లల జామెట్రీ బాక్సులో ఉంటుందే, అదే. ముల్లు ఫారం మీద గుచ్చి, పెన్సిలు ఒక కిలోమీటరుకు సాగదీసి ఒక చుట్టు, పది కిలోమీటర్లకు సాగదీసి ఇంకో చుట్టు. లోపలి చుట్టు ఇన్‌ఫెక్టెడ్ జోన్, బయటి చుట్టు సర్వైలెన్స్ జోన్. లోపల ఉన్న కోడికి గొయ్యి. రెండు చుట్ల మధ్య ఉన్న కోడికి నిఘా. బయట ఉన్న కోడికి భూమ్మీద ఇంకా నూకలున్నట్టు లెక్క.

2006లో మహారాష్ట్రలోని నవాపూర్ దగ్గర ఈ వైరస్ దేశంలో మొదటిసారి బయటపడినప్పుడు కోళ్లను చంపే చుట్టు మూడు కిలోమీటర్లు ఉండేది. తర్వాతి కార్యాచరణ ప్రణాళికల్లో అది ఒక కిలోమీటరుకు కుదించుకుపోయింది. ఈ మధ్యకాలంలో వైరస్‌కు మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాయని అనుకోవాలి.

చుట్టు గీయడమే తప్పని అనను. రోగం దొరికిన చోట చుట్టూ ఉన్నదాన్ని ఆపేయడం ఏ దేశమైనా చేసే మొదటి పని, ఆ ఎండలో పీపీఈ కిట్లు తొడుక్కుని కోళ్లను గోతిలో పూడ్చే సిబ్బంది పని పగవాడికి కూడా వద్దు. పేచీ చుట్టుతో కాదు, చుట్టు గీశాక పటం పూర్తయిందనుకోవడంతో. రోగం ఫారం నుంచి నాలుగు దిక్కులకూ సమానంగా, తీరిగ్గా నడుచుకుంటూ వెళ్తుందనీ, పదో కిలోమీటరు రాయి దగ్గర ఆగి ఆయాసం తీర్చుకుంటుందనీ మన నమ్మకం. తణుకు చుట్టుపక్కల కోడి మాత్రం ఎప్పుడూ అలా ప్రయాణించలేదు. గుడ్ల లారీ జాతీయ రహదారి ఎక్కిందంటే ఒడిశా దాటి, బెంగాల్ దాటి అస్సాం దాకా పోతుంది. కోళ్లను లిఫ్టింగ్ చేసే కుర్రాళ్లు రాత్రి ఒక మండలంలో పంజరాలు నింపి, తెల్లారేసరికి ఇంకో మండలంలో తేలతారు. మేత బండి ఒకే రోజు అయిదారు ఫారాల గేట్లు దాటుతుంది. సూపర్‌వైజర్ మోటారు సైకిలు మీద షెడ్డు నుంచి షెడ్డుకు తిరుగుతాడు, అవే చెప్పులు, అదే సంచీ. ఒక ఫారంలో దించిన గుడ్ల ట్రేలు ఇంకో ఫారంలో నింపుకుంటారు. చల్లని తడి రెట్టలో ఈ వైరస్ వారాల తరబడి బతికే ఉంటుంది. చక్రానికి అంటిన రెట్టకు పది కిలోమీటర్లంటే పావుగంట.

అంటే గీయాల్సింది చుట్టు కాదు, దారులు. ఏ ఫారం నుంచి ఏ ఫారానికి ఎవరు వెళ్లారు, ఏ బండి ఎక్కడ ఆగింది, ఏ బ్యాచ్ పిల్లలు ఏ హేచరీవి, చచ్చిన కోళ్లను ఎవరు ఎత్తుకుపోయారు. ఇదంతా పటం మీద పెట్టండి చూద్దాం అని అడిగిన మనిషిని అధికారి కోడిగుడ్డుకు ఈకలు పీకేవాడిలా చూస్తాడు.

జియోట్యాగింగ్‌లో మనల్ని మించినవాళ్లు లేరు. స్వచ్ఛ భారత్ కింద కట్టిన మరుగుదొడ్డికి జియోట్యాగ్ ఉంది. ఉపాధి హామీలో తవ్విన గుంటకు ఉంది. రైతు ఏ చేలో ఏ పంట వేశాడో ఈ-క్రాప్ చెబుతుంది. అమరావతిలో కూర్చుని రియల్ టైమ్‌లో పాలన చూసుకోవడానికి రాష్ట్రానికి ప్రత్యేకంగా ఒక సంస్థే ఉంది. వేల్పూరు పక్క ఊరి రైతుకు మాత్రం, తన షెడ్డుకు రెండు కిలోమీటర్ల లోపల ఇంకా ఎన్ని షెడ్లున్నాయి, వాటిలో దేనిలో కోళ్లు తల వాల్చాయి అని చూసుకోవడానికి ఫోనులో ఏమీ కనబడదు. పేపర్లో చదివి తెలుసుకుంటాడు, లేదా గాలివాటున వచ్చే వాసన పట్టి తెలుసుకుంటాడు.

మరి మన దగ్గర ఉన్న లెక్కేమిటంటే, పశుగణన. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కోళ్లూ బాతులూ అన్నీ కలిపి 10.79 కోట్లు, తమిళనాడు తర్వాత స్థానం మనదే. గుడ్ల ఉత్పత్తిలో అయితే దేశంలోనే మొదటి స్థానం. సంతోషం. అయిదేళ్లకోసారి జరగాల్సిన ఈ గణనలో తర్వాతి విడత 2024 అక్టోబరులో మొదలైంది. బ్రాయిలర్ కోడి ఆయుష్షు ఆరు వారాలు. ఒక గణనకూ ఇంకో గణనకూ మధ్య నలభై తరాల కోళ్లు పుట్టి, పెరిగి, బిర్యానీ అయిపోతాయి. నలభై తరాల కిందటి తాతగారి చిరునామా పట్టుకుని మనవడి జబ్బుకు చుట్టు గీసే విద్య మన సొంతం.

ఇంతకీ రోగం ఎలా వచ్చిందయ్యా అంటే జవాబు ముందే టైపు చేసి ఉంటుంది: వలస పక్షులు. కొల్లేటికి చలికాలంలో వచ్చే కొంగలు, బాతులు, పెలికాన్లు. ముద్దాయిగా ఇంతకంటే అనువైనవాళ్లు దొరకరు. వాటికి ఓటు లేదు, యూనియన్ లేదు, ప్రెస్ మీట్ పెట్టి ఖండించలేవు, మార్చి దాటితే ఊళ్లో కూడా ఉండవు. అడవి పక్షులు ఈ వైరస్‌ను ఖండాలు దాటించడం నిజమే, ఆ మాట శాస్త్రవేత్తలు ఎప్పుడో చెప్పారు. అయితే పెలికాన్ ఫారం గేటు తీసుకుని లోపలికి రాదు. లేయర్ షెడ్డులో మూడో వరుస పంజరం దాకా వెళ్లి పలకరించి, అక్కణ్ణుంచి ఆటో కట్టించుకుని పక్క మండలం పోదు. రోగాన్ని జిల్లాకు తెచ్చిన నేరం పక్షిదే కావచ్చు. షెడ్డు నుంచి షెడ్డుకు చేరవేసింది రెండు కాళ్ల మీద నడిచే ఇంకో జీవి. దానికి రెక్కలు లేవు, రాజకీయ పలుకుబడి ఉంది.

ఆ పలుకుబడి ఎంతటిదో చూడాలంటే సంక్రాంతికి భీమవరం వైపు రావాలి. ప్రతి జనవరిలోనూ కోడిపందేలు నేరమని పోలీసులు ఫ్లెక్సీలు కడతారు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉంది, 1974 నాటి రాష్ట్ర జూద చట్టం ఉంది, హైకోర్టు ఆదేశాలున్నాయి. ఆ ఫ్లెక్సీ పక్క నుంచే కార్లు బరికి మలుపు తిరుగుతాయి. షామియానాలు, ఫ్లడ్‌లైట్లు, ఎల్‌ఈడీ తెరలు, పార్కింగుకు వేరే చేను. ఊరూరి నుంచి, జిల్లా దాటి, రాష్ట్రం దాటి పుంజులు కార్ల ఏసీలో దిగుతాయి. ఒక్కో బరి చుట్టూ వందల పుంజులు. కత్తి కట్టి వదిలితే రక్తం, ఈకలు, రెట్ట అన్నీ ఒకే ఇసుకలో కలుస్తాయి. ఓడిన కోడిని కోజ అని వండుకోవడానికి పట్టుకుపోతారు, గెలిచిన కోడి గాయాలతో ఇంటికెళ్లి పెరట్లో మిగతా కోళ్లతో గింజలు తింటుంది. వైరస్ అనేది కాస్త ఆలోచించగల జీవి అయి, తన కోసం ఒక మహాసభ ఏర్పాటు చేయమని ఎవరికైనా అర్జీ పెట్టుకుంటే ఇంతకంటే బాగా చేయలేరు.

2025లో సంక్రాంతి వెళ్లిన నెల తిరక్కుండానే వేల్పూరు నమూనా భోపాల్‌లో పాజిటివ్ అని తేలింది. పందేలే కారణమని నేను తీర్పు చెప్పడం లేదు. అడగాల్సినవాళ్లు ఆ ప్రశ్న గట్టిగా అడిగినట్టు నాకు వినబడలేదు, అంతే. అడిగితే బరి ఎవరి చేలో వేశారో చెప్పాలి కదా.

గోదావరి జిల్లాల్లో కోడికి సంబంధించి పకడ్బందీగా పనిచేస్తున్న సమాచార వ్యవస్థ ఏదైనా ఉందంటే అది కుక్కుట శాస్త్రం. ఏ రోజు, ఏ జాములో, ఏ దిక్కు నుంచి వదిలితే డేగ పుంజు మీద కాకి పుంజు గెలుస్తుందో, నెమలి పుంజు మీద పర్ల పుంజు గెలుస్తుందో అందులో ఉంటుంది. జనం దాన్ని చదువుతారు, నమ్ముతారు, లక్షలు పెడతారు. ఇప్పుడు దానికి వాట్సాప్ తోడైంది, బరి ఎక్కడో గూగుల్ లొకేషన్ ముందురోజే ఫోనుకు వచ్చేస్తుంది. చావబోయే కోడి దగ్గరికి దారి చూపించే పటం మనకు ఏనాడో సిద్ధమైంది. చచ్చిన కోళ్ల ఫారానికి దారి చూపించే పటం మాత్రం సాంకేతిక కారణాల వల్ల ఆలస్యమవుతోంది.

ఇక అసలు సంగతికి వద్దాం, డబ్బు. రైతు కోళ్లకు జబ్బొచ్చింది. మొదట కొక్కెర తెగులు అనుకుంటాడు, ఆ పొరపాటు సహజం, రెంటికీ మొదటి రోజుల్లో పోలిక ఉంది. మందుల షాపువాడు ఏదో ఇస్తాడు. రోజుకు పది చచ్చేవి వంద చస్తాయి, వంద వెయ్యి అవుతాయి. అప్పుడతని ముందు రెండు దారులుంటాయి. ఒకటి, పశువుల డాక్టరుకు చెప్పడం. చెబితే నమూనా భోపాల్ వెళ్లాలి. పాజిటివ్ అని తేలితే బతికున్న కోళ్లన్నీ గోతిలోకి, చుట్టూ కిలోమీటరులో ఇరుగుపొరుగు కోళ్లూ గోతిలోకి, షెడ్డుకు తాళం, మళ్లీ బ్యాచ్ వేయడానికి నెలల తరబడి ఎదురుచూపు. పరిహారం వస్తుంది, కేంద్రం సగం, రాష్ట్రం సగం. కానీ ప్రభుత్వ బృందం చంపిన కోడికే వస్తుంది. బృందం వచ్చేలోపు తనంతట తాను చచ్చిన కోడికి పైసా లేదు. రెండో దారి, నోరు మూసుకోవడం. బతికున్నవాటిని రాత్రికి రాత్రి ఎంతకో అంతకు లిఫ్ట్ చేయించేయడం, చచ్చినవాటిని సంచుల్లో కట్టి కాలవలోనో రోడ్డు పక్కనో పడేయడం. ఆ ఫిబ్రవరిలో పేపర్లలో వచ్చిన సంచుల ఫొటోలు ఈ రెండో దారివే.

ప్రభుత్వం చేతిలో చచ్చిన కోడి పుణ్యాత్మురాలు, రోగంతో చచ్చిన కోడి అనాథ. ఈ ధర్మశాస్త్రం రాసినవాళ్లే మళ్లీ వేదికెక్కి, రైతులు సమాచారం దాచొద్దని విజ్ఞప్తి చేస్తారు. కోడిని అడిగి మసాలా నూరరనే సామెత మనకుంది. ఇక్కడ కోడినే కాదు, రైతునూ అడగరు.

ఇంటిగ్రేషన్‌లో, అంటే కంపెనీ కోసం కోళ్లు పెంచే ఒప్పందంలో ఉన్నవాడి బతుకు ఇంకో రకం. పిల్ల కంపెనీది, మేత కంపెనీది, మందు కంపెనీది. షెడ్డు, కరెంటు బిల్లు, ఊక, నిద్రలేని రాత్రులు రైతువి. కోడి బతికినన్నాళ్లూ కంపెనీ ఆస్తి. చస్తే ఒక్కసారిగా రైతు నిర్లక్ష్యం అయిపోతుంది. ఏ కంపెనీ పిల్లలు ఏయే షెడ్లలో ఉన్నాయో, ఏ షెడ్డులో రోజుకు ఎన్ని చచ్చాయో కంపెనీ కంప్యూటర్‌లో ప్రతి సాయంత్రం నమోదవుతుంది. మనం లేదు లేదని ఏడుస్తున్న పటం అసలు లేకపోలేదు. వ్యాపార రహస్యం పేరుతో భద్రంగా ఉంది.

చేపల చెరువుల సంగతి చెప్పకపోతే ఈ వ్యాసానికి దోషం తగులుతుంది. చికెన్ కొట్టులో మిగిలిన పేగులు, తలలు, ఈకలు డ్రమ్ముల్లో నింపుకుని రాత్రి పూట వ్యాన్లు ఎటు పోతాయో చెరువుల జిల్లాల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. చేపలకు చికెన్ వ్యర్థాలు వేయడం నిషిద్ధం. ఆ మేతతో చెరువుల్లో దొంగచాటుగా పెరిగే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం కూడా నిషిద్ధమే. రెండు నిషేధాలు కలిసి చక్కగా ఒకే చెరువులో ఈదుతున్నాయి. జబ్బు కోడి పేగు చెరువులో పడితే, ఆ గట్టు మీద వాలే కొంగ దాన్ని ముక్కున పెట్టుకుంటే, ఆ తర్వాత ప్రెస్ నోట్‌లో పేరు మళ్లీ కొంగదే.

సరిహద్దు ముచ్చట కూడా ఒకటుంది. వేల్పూరు వార్త రాగానే తెలంగాణ ప్రభుత్వం సరిహద్దుల్లో చెక్‌పోస్టులు పెట్టి ఆంధ్రా కోళ్ల లారీలను వెనక్కి తిప్పింది. బాధ్యత గల ప్రభుత్వం చేయాల్సిందే. కానీ అంతకు పదేళ్ల ముందు, 2015లో హయత్‌నగర్ మండలం తొర్రూరులో ఇదే వైరస్ బయటపడినప్పుడు దానికి దారి ఎవరు చూపించారో ఆ చెక్‌పోస్టు దగ్గర ఎవరూ గుర్తు చేసుకోలేదు. 2025 ఫిబ్రవరి ముగిసేలోపే చౌటుప్పల్ మండలం నుంచి బర్డ్ ఫ్లూ వార్త వచ్చింది. రాష్ట్ర విభజన చట్టంలో ఆస్తులు, అప్పులు, నీళ్లు, ఉద్యోగులు అన్నిటికీ పంపకాలున్నాయి. వైరస్‌ను పంచడం మరిచిపోయారు, కాబట్టి అది ఉమ్మడి ఆస్తిగానే ఉండిపోయింది.

ఇంత విషాదంలోనూ ఒక పండగ జరిగింది. జనం చికెన్ మానేశారు, ధర పడిపోయింది. భయం పోగొట్టడానికి పౌల్ట్రీ వ్యాపారులు రెండు రాష్ట్రాల్లోనూ ఉచిత చికెన్ మేళాలు పెట్టారు. నిన్నటిదాకా చికెన్ అంటేనే ముక్కు మూసుకున్న జనం వేల సంఖ్యలో వచ్చి తోసుకున్నారు. ఈ వైరస్ 70 డిగ్రీల వేడికి చస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. భయం సున్నా రూపాయల దగ్గర చస్తుందని మేళాలు నిరూపించాయి. ఆ వేదికల మీద లెగ్‌పీసు పట్టుకుని ఫొటో దిగిన పెద్దలు ఆ చిత్తశుద్ధిలో పదోవంతు ఒక పటం మీద పెట్టి ఉంటే బాగుండేది.

పటం వల్ల ఏం ఒరుగుతుందని అడిగేవాళ్ల కోసం రెండు ముక్కలు. 2003లో నెదర్లాండ్స్‌లో హెచ్‌7ఎన్‌7 రకం వచ్చి 255 ఫారాలకు పాకింది. మూడు కోట్ల కోళ్లను చంపారు, ఒక పశువైద్యుడు చనిపోయాడు. తర్వాత అక్కడి శాస్త్రవేత్తలు ఏ ఫారం ఏ ఫారానికి ఎంత దూరంలో ఉంది, ఏ రోజు ఏది అంటుకుంది అన్నదంతా లెక్కగట్టి దేశం మొత్తానికి ప్రమాద పటం గీశారు. ఫారాలు మరీ ఒత్తుగా ఉన్న రెండు ప్రాంతాల్లో వ్యాధి ఒకసారి జొరబడితే, అంటించడానికి ఫారాలు మిగలనప్పుడు గానీ ఆగదని ఆ పటం చెప్పింది. థాయ్‌లాండ్‌లో ఉపగ్రహ చిత్రాల నుంచి వరి కోతల పటం తీసి, దాని మీద బాతుల మందల లెక్క పరిచి చూస్తే, వ్యాధి ఎక్కువగా వచ్చింది కోసిన పొలాల్లో బాతులు మేసే చోటేనని తేలింది. మన డెల్టాలో కోతలయ్యాక బాతుల మందలు చేలమ్మట తిరగడం చూడనివాళ్లెవరు? మన వరి, మన బాతులు, మన ఉపగ్రహాలు. చూడాలన్న కోరికే దిగుమతి చేసుకోవాలి. ఇంగ్లండ్‌లో అయితే ఏ ఊరు ఏ ఆంక్షల పరిధిలో ఉందో సర్కారీ వెబ్‌సైట్‌లో పటం తెరిచి ఎవరైనా చూసుకోవచ్చు, మూడు కోళ్లు పెంచుకునే ముసలమ్మయినా సరే.

నెదర్లాండ్స్ పటాన్ని మన వాళ్లు చూడనంతవరకే మంచిది. చూస్తే అడగాల్సిన ప్రశ్న ఒకటే, రెండు షెడ్ల మధ్య మూడో షెడ్డుకు అనుమతి ఎవరిచ్చారు అని. ఆ ప్రశ్న ఎవరి పెరట్లోకి దారి తీస్తుందో తెలుసు కాబట్టే మనకు పటాలంటే భయం, వృత్తాలంటే ప్రేమ. వృత్తానికి ఒక సుగుణముంది. అది అందరినీ సమానంగా చూస్తుంది, ఎవరి పేరూ చెప్పదు.

2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప ఈ వైరస్‌తో మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. పచ్చి చికెన్ ముక్క తిన్నదని కుటుంబం చెప్పినట్టు పత్రికలు రాశాయి. పిల్లలకు పచ్చి మాంసం పెట్టొద్దని అధికారులు హితవు చెప్పారు. ఆ హితవు సరైనదే. కానీ ఆ మాట తల్లులకు మాత్రమే చెప్పి ఊరుకునే ప్రభుత్వం, ఆ వైరస్ ఏ ఫారంలో పుట్టి, ఏ దారిన, ఏ బండిలో ఆ ఇంటిదాకా వచ్చిందో గీసి చూపించిన పటం నాకెక్కడా కనబడలేదు.

కాబట్టి అమరావతికీ హైదరాబాదుకూ అడగాల్సినవి తక్కువే. వెంటనే కబురు చేసిన రైతుకు చచ్చిన కోళ్లకు కూడా పరిహారం ఇవ్వండి, కాలవల్లో సంచులు వాటంతటవే తగ్గుతాయి. కంపెనీల కంప్యూటర్లలో సాయంత్రం సాయంత్రం చేరే చావుల లెక్క మీ కంప్యూటర్‌లోకి కూడా చేరాలని జీవో ఇవ్వండి. కోళ్లు, గుడ్లు, వ్యర్థాలు మోసే బండ్లకు జీపీఎస్ పెట్టండి, ఇసుక లారీలకు పెట్టగా లేనిది కోడి వ్యానుకు పెట్టలేరా? సంక్రాంతి బరుల లొకేషన్లు కావాలంటే శ్రమ పడక్కర్లేదు, మీ శాసనసభ్యుల ఫోన్లలోనే ఉంటాయి.

పాఠకులకూ ఒక మాట. చికెన్ తినండి, బాగా ఉడికించి తినండి, పచ్చి మాంసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోండి. ఈ ఆదివారం కొట్టుకు వెళ్లినప్పుడు బోర్డు చూడండి. లైవ్ ఇంత, స్కిన్ ఇంత, స్కిన్‌లెస్ ఇంత అని రూపాయల్లో రాసి ఉంటుంది. ఈ కోడి ఏ ఊరి ఫారంది అని కొట్టువాణ్ణి అడగండి. అతను చెప్పలేడు, అది అతని తప్పూ కాదు. ఆ ఊరి పేరు బోర్డు మీదికి వచ్చేదాకా మాత్రం అడగడం మానకండి.